ముందు కాటా సున్నా సూపించు బావు: ఫ్లైబైలో మాగ్నెటోమీటర్ లెక్క ఎలా సరిచూస్తారు

పలాసలో జీడిపప్పు కొనడానికెళ్లినోళ్లలో కాస్త ఆరితేరినోళ్లు ముందు పప్పు వైపు చూడరు, కాటా వైపు చూస్తారు. "బావూ, ముందు సున్నా సూపించు" అంటారు. ఖాళీ పళ్లెం మీదే యాభై గ్రాములు చూపిస్తే అదొక రకం దోషం, కిలో తూచినా పది కిలోలు తూచినా అదే యాభై గ్రాముల తేడా. కిలోకి కిలో ఇరవై, పది కిలోలకి పది కిలోల రెండొందలు చూపించే కాటా ఇంకో రకం, అక్కడ తూకంతో పాటు తేడా కూడా పెరుగుద్ది. ఈ రెండో కాటా పళ్లెం ఖాళీగా ఉన్నప్పుడు బుద్ధిగా సున్నానే చూపిస్తుంది కాబట్టి సున్నా ఒక్కటే చూసి ఊరుకుంటే మోసపోతాం, బరువు తెలిసిన రాయి ఒకటి పెట్టి కూడా చూడాలి.

గ్రహం పక్కనుంచి దూసుకెళ్తూ (దాన్నే ఫ్లైబై అంటారు) వ్యోమనౌక మాగ్నెటోమీటర్ అనే పరికరంతో కొలిచి పంపిన అయస్కాంత క్షేత్రం అంకెల్ని సరిచూడ్డం కూడా ఇలాంటి పనే, కాకపోతే అక్కడికెళ్లి రాయి పెట్టేవాడు ఎవడూ ఉండడు. రాకెట్ ఎక్కిన సెన్సర్ మళ్లీ ల్యాబ్‌కి రాదు. ల్యాబ్‌లో చేసిన క్యాలిబ్రేషన్, అంటే అంకెల సరిదిద్దుడు, రాకెట్ ఎగిరినప్పటి కుదుపులకి, ఎండా చలీ తేడాలకి, ఏళ్ల ప్రయాణానికి ఎంత మారిందో చెప్పేవాళ్లు లేరు. అందుకే వేగం పెంచుకోడానికో దారి మళ్లడానికో వ్యోమనౌక భూమి పక్కనుంచి వెళ్లాల్సొస్తే మాగ్నెటోమీటర్ టీమ్‌లు ఆ కొన్ని గంటల కోసం నెలల ముందునుంచే కాచుకుని కూర్చుంటాయి, ఎందుకంటే బరువు బాగా తెలిసిన రాయి మన దగ్గర ఉన్నది అదొక్కటే, భూమి.

ఎంత బాగా తెలుసు అంటే, నేల మీద చోటుని బట్టి క్షేత్రం సుమారు 25 వేల నుంచి 65 వేల నానోటెస్లాల (క్షేత్రం బలానికి కొలమానం) దాకా ఉంటుంది, శ్రీకాకుళం విజయనగరం వైపు 40 వేలు పైచిలుకు. ఐజీఆర్ఎఫ్ అని ఒక అంతర్జాతీయ మోడల్ ఉంది, తేదీ, ఎత్తు, అక్షాంశం, రేఖాంశం ఇస్తే ఆ చోట ఉత్తరం వైపు ఎంత, తూర్పు వైపు ఎంత, కిందికి ఎంత అని మూడు అంకెలు ఇస్తుంది. ఐదేళ్లకోసారి దాన్ని కొత్తగా కడతారు, 14వ తరం 2024 చివర్లో వచ్చింది. దాని వెనక స్వార్మ్ లాంటి ఉపగ్రహాల కొలతలు, హైదరాబాద్ ఎన్‌జీఆర్ఐ, అలీబాగ్ లాంటి అబ్జర్వేటరీల ఏళ్లకేళ్ల రికార్డులు ఉంటాయి.

అలీబాగ్ సంగతొచ్చింది కాబట్టి ఒక పాత ముచ్చట. బొంబాయి కొలాబాలో 1841 నుంచి అయస్కాంత కొలతలు నడుస్తుండేవి. ఊళ్లో కరెంటు ట్రాములు పెడతాం అనేసరికి ఆ కరెంటు వల్ల రికార్డు పాడవుద్దని 1904లో పరికరాల్ని అలీబాగ్‌కి పట్టుకుపోయారు. పాతది వెంటనే మూసేయలేదు, 1906 దాకా రెండు చోట్లా పక్కపక్కన నడిపి రెండు రికార్డుల్నీ ముడేశారు. ఇప్పుడు అంతరిక్షంలో జరిగే సరిచూపు అంతా ఈ రెండు పనుల్లోనే ఉంది, కొలిచేదాన్ని ట్రాములకి దూరంగా జరపడం, ఒక కొలతని ఇంకో కొలతతో ముడేసి చూడ్డం.

వ్యోమనౌకకి ట్రాములు దాని కడుపులోనే ఉంటాయి. హీటర్లు, మోటార్లు, రేడియో ఆంప్లిఫయర్లు, సౌర పలకల నుంచి వచ్చే కరెంటు, ఎక్కడో ఒక ఇనుప బోల్టు. సాగరంలోకెళ్లే పడవలో దిక్సూచిని ఇంజను పక్కన పెట్టుకుంటే ముల్లు ఇంజను మాట వింటాది గానీ ఉత్తరం మాట వినదు కదా, అదే బాధ. అందుకని సెన్సర్‌ని పొడవాటి చెయ్యి లాంటి బూమ్ చివర పెడతారు. శనిగ్రహానికెళ్లిన కసీనీకి 11 మీటర్లు, బయటి గ్రహాల వైపు వెళ్లిన వాయేజర్లకి 13 మీటర్లు, గురుగ్రహానికి బయల్దేరిన జ్యూస్‌కి 10.6 మీటర్లు. మన ఆదిత్య ఎల్1కి 6 మీటర్ల బూమ్, 2024 జనవరి 11న ఎల్1 దగ్గరే విప్పారు, దాని మీద 3 మీటర్ల దగ్గర ఒక సెన్సర్, 6 మీటర్ల దగ్గర ఇంకో సెన్సర్ ఉన్నాయి.

రెండు సెన్సర్లు ఎందుకంటే, ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుందని మాత్రమే కాదు. చిన్న అయస్కాంతం ప్రభావం దూరం ఘనంతో తగ్గిపోద్ది, దూరం రెట్టింపైతే ప్రభావం ఎనిమిదో వంతు. దూరంగా ఉన్న అసలు క్షేత్రం మాత్రం రెండు సెన్సర్లకీ ఒకటే. ఉదాహరణకి లోపలి సెన్సర్ 12, బయటిది 5 నానోటెస్లాలు చూపించాయి అనుకుందాం, దోషమంతా బూమ్ మొదట్లోనే ఉందనుకుందాం. లోపలి దాని దగ్గర నౌక దోషం 8 అయితే బయటి దాని దగ్గర 1, తేడా సరిగ్గా 7, కాబట్టి అసలు క్షేత్రం 4. చదవడానికి ఇంత తేలిగ్గా ఉంటుంది గానీ నిజం నౌకలో దోషాలు నాలుగైదు చోట్ల నుంచి వస్తాయి, అన్నీ బూమ్ మొదట్లోనే కూర్చుని ఉండవు, కాబట్టి ఆ ఎనిమిదో వంతు లెక్క కాస్త అటూ ఇటూ అవుద్ది. అయినా రెండు సెన్సర్లూ ఒకేసారి ఒకే ఆకారంలో కదిలితే అది బయటిది, లోపలిది పెద్దగా బయటిది చిన్నగా కదిలితే అది ఇంట్లోది, ఇది మాత్రం గట్టి ఆనవాలు.

ఇదంతా ఎక్కడో ఆకాశంలో విషయం అనుకోనక్కర్లేదు, చేతిలో ఉన్న ఫోన్‌లో కూడా మాగ్నెటోమీటర్ ఉంటుంది, ఫ్రీ యాప్ పెట్టుకుంటే మైక్రోటెస్లాల్లో అంకె చూపిస్తుంది, ఒక మైక్రోటెస్లా అంటే వెయ్యి నానోటెస్లాలు. శ్రీకాకుళంలో నాగావళి ఇసకలోకి, బ్రిడ్జికీ బండికీ దూరంగా వెళ్లి చూస్తే నలభై చిల్లర రావాలి. ఇంట్లో కిటికీ ఊచల దగ్గరో శ్లాబు మీదో చూస్తే అంకె ఇష్టమొచ్చినట్టు పోద్ది, శ్లాబు నిండా ఇనుమే కదా. ఇప్పుడు ఇసకలోనే నిలబడి ఫోన్‌ని ఆరు వైపులా తిప్పి చూడండి, వెల్లకిలా, బోర్లా, నాలుగు అంచుల మీదా. భూమి క్షేత్రం మారలేదు కాబట్టి మొత్తం అంకె మారకూడదు. మారిందంటే దోషం ఫోన్‌దే. మ్యాప్‌లో బాణం తప్పు చూపించినప్పుడు ఫోన్‌ని ఎనిమిది అంకెలా తిప్పమనేది ఇందుకే. వాయేజర్లు కూడా ఇదే చేసేవి, ఏడాదికి కొన్నిసార్లు పనిగట్టుకుని తమ చుట్టూ తాము గింగిరాలు తిరిగేవి, తిరిగినా మారకుండా నౌకకే అతుక్కుని ఉండే భాగం ఆఫ్‌సెట్, నౌకతో పాటు తిరక్కుండా బయట నిలబడి ఉండేది అసలు క్షేత్రం. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది, ఏ అక్షం చుట్టూ తిరిగితే ఆ అక్షం మీది ఆఫ్‌సెట్ బయటపడదు. అందుకే ఒక అక్షం చుట్టూ తిరిగితే చాలదు, రెండు అక్షాలు కావాలి.

నౌక తిరగలేకపోతే సౌర పవనమే, అంటే సూర్యుడి నుంచి వీచే కణాల గాలే, సాయం చేస్తుంది. అక్కడ క్షేత్రం తరచుగా దిక్కు మార్చుకుంటుంది గానీ కాసేపు పరిమాణం మార్చుకోదు, అలాంటి ముక్కలు ఏరుకుని ఏ ఆఫ్‌సెట్ తీసేస్తే పరిమాణం నిలకడగా ఉంటుందో వెతుకుతారు. 1968లో డేవిస్, స్మిత్, 1975లో హెడ్జ్‌కాక్ ఇలాంటి పద్ధతులు చెప్పారు, ఇప్పటికీ వాటి పిల్లలే వాడుకలో ఉన్నాయి.

ఇప్పుడు అసలు చిక్కు. భూమి దూరంలో సౌర పవనం క్షేత్రం సుమారు 5 నానోటెస్లాలు. అక్కడ ఒక్క నానోటెస్లా ఆఫ్‌సెట్ అంటే ఐదో వంతు తప్పు, నెత్తి మీద పిడుగే. అదే చోట గెయిన్, అంటే క్షేత్రాన్ని అంకెగా మార్చే నిష్పత్తి, ఒక శాతం తప్పైతే 0.05 నానోటెస్లా, ఎవరికీ కనిపించదు. భూమికి దగ్గరగా 20 వేల నానోటెస్లాల చోటుకి రండి, కథ తిరగబడుద్ది. ఒక నానోటెస్లా ఆఫ్‌సెట్‌ని పట్టించుకునేవాడే ఉండడు, ఒక శాతం గెయిన్ తప్పు మాత్రం 200 నానోటెస్లాలు, సెన్సర్ దిక్కు ఒక డిగ్రీ పక్కకి ఉంటే 350. డిగ్రీలో అరవయ్యో వంతు పక్కకి ఉన్నా దాదాపు 6. సౌర పవనంలో ఏళ్లపాటు మంచివాడిలా నటించిన సెన్సర్ బండారం భూమి పక్కన బయటపడేది ఇందుకే, పలాస రెండో కాటా లాగ.

ఈ పని పుస్తకానికి ఎక్కినంత చక్కగా జరిగింది కసీనీకి. 1999 ఆగస్టు 18న దక్షిణ పసిఫిక్ మీదుగా 1,171 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకి సుమారు 19 కిలోమీటర్ల వేగంతో వెళ్లింది. అంతకు రెండు రోజుల ముందే బూమ్ విప్పారు, అంతకు ముందు శుక్రుడి పక్కనుంచి రెండుసార్లు వెళ్లినప్పుడు సెన్సర్లు డబ్బాలోనే ముడుచుకుని ఉన్నాయి. దాని రెండు సెన్సర్లలో మొదటిదైన ఫ్లక్స్‌గేట్‌కి నాలుగు రేంజ్‌లు, ప్లస్ మైనస్ 40 నుంచి 44 వేల నానోటెస్లాల దాకా. ఇంట్లో పోపులోకి ఇంగువ తూచే కాటా, ధాన్యం బస్తా తూచే కాటా ఒకే డబ్బాలో పెట్టినట్టు. సౌర పవనంలోంచి భూమి అయస్కాంత గూట్లోకి దూరి, దగ్గరి బిందువు దాకా చేరడానికి గంటకి కాస్త అటూ ఇటూ పట్టింది, ఆ గంటలో క్షేత్రం కొన్ని నానోటెస్లాల నుంచి వేలల్లోకి పాకింది, రేంజ్‌లన్నీ వరసగా పరీక్ష రాసేశాయి. రెండో సెన్సర్ హీలియంతో పనిచేసేది, దాన్ని స్కేలార్ పద్ధతిలో నడిపితే దిక్కు చెప్పదు గానీ పరిమాణాన్ని హీలియం పరమాణువు లక్షణం మీద ఆధారపడి చెప్తుంది, 16 వేల చిల్లర నానోటెస్లాల వరకు. పరమాణువు గెయిన్ మారదు, దానికి ముసలితనం రాదు, కాబట్టి ఫ్లక్స్‌గేట్‌కి అది పక్కనే కూర్చున్న రెండో తూనిక రాయి.

అంకెలొచ్చాక పని ఇలా మొదలవుద్ది. నౌక దారి తెలుసు, ఆ దారి పొడుగునా ఐజీఆర్ఎఫ్ ఏం చెప్తుందో లెక్క కట్టి కొలిచిన దాంట్లోంచి తీసేస్తారు. మొదటిసారి చూసినోళ్లు రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే అబ్బో అని సంబరపడతారు, 20 వేల ఎత్తున్న గ్రాఫ్‌లో 200 తేడా గీత మందంలో దాక్కుంటుందని గుర్తురాదు. అసలు చూడాల్సింది తీసేశాక మిగిలిన గీతని. దాని ఆకారమే దొంగ ఎవరో చెప్పేస్తుంది.

ముందు మూడు భాగాలు పక్కన పెట్టి మొత్తం పరిమాణం ఒక్కటే చూడటం మంచిది, ఎందుకంటే సెన్సర్ ఎటు తిరిగి ఉన్నా పరిమాణం మారదు, దిక్కుల గోల అంతా ఒక్క దెబ్బకి పక్కకి పోద్ది. పరిమాణం బాగానే కలిసి, భాగాలు మాత్రం కలవకపోతే తప్పు దిక్కుల దగ్గర ఉంది. అప్పుడు ఒక భాగంలో మిగిలిన గీత ఇంకో భాగం ఆకారాన్ని మోస్తుంటుంది, అంటే ఎక్స్‌లో మిగిలింది వై లాగ కనిపిస్తుంది, తమ్ముడి ముఖంలో అన్న పోలిక లాగ. పరిమాణమే కలవకపోతే ఆ మిగులు క్షేత్రంతో పాటు లేచి క్షేత్రంతో పాటు పడుతుందా చూడాలి, అలా అయితే గెయిన్. ఎక్కడైనా ఒకే మోతాదులో అతుక్కుని ఉంటే ఆఫ్‌సెట్, అదీ ఒక్కో భాగంలో చూస్తేనే తేటగా తెలుస్తుంది, పరిమాణంలో దాని రంగు క్షేత్రం దిక్కుని బట్టి మారిపోద్ది. ఉన్నట్టుండి మెట్టు ఎక్కినట్టు లేచిందంటే ఏదో హీటర్ వెలిగింది లేదా రేంజ్ మారింది, నౌక లాగ్‌లో ఆ క్షణానికి ఎదురుగా ఏం రాసుందో చూస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. రియాక్షన్ వీల్ (నౌకని అటూ ఇటూ తిప్పడానికి లోపల తిరిగే చక్రం) అయితే మెట్టులా కాకుండా సన్నగా ఒకే శ్రుతిలో మోగుతూ ఉంటుంది.

అన్నిటికన్నా అందమైన దొంగ టైము. గడియారం ఒక సెకను తప్పితే పరిమాణంలో మిగులు దగ్గరి బిందువుకి ముందు ఒక వైపు, దాటాక రెండో వైపు, మధ్యలో దాదాపు సున్నా, పడుకోబెట్టిన పాములా ఉంటుంది. క్షేత్రం పెరుగుతున్నప్పుడు ఆలస్యంగా చదివితే ఎక్కువ, తగ్గుతున్నప్పుడు ఆలస్యంగా చదివితే తక్కువ, అంతే. ఎంత పెద్దదంటే, కసీనీ వెళ్లిన ఎత్తులో క్షేత్రం కిలోమీటరుకి 8 నానోటెస్లాల దాకా తగ్గుతుంది, నౌక సెకనుకి 10 కిలోమీటర్లు ఎత్తు మారుతుంటే సెకను తప్పుకి 80 నానోటెస్లాలు. ఇంకో మాయగాడు ఎత్తు. నౌక ఎత్తు కాస్త తప్పుగా తీసుకుంటే మిగులు అటూ ఇటూ ఒకేలా లేచి గెయిన్ తప్పులాగే కనిపిస్తుంది, కాకపోతే దగ్గరి బిందువు దగ్గర ఇంకొంచెం మొనదేలి ఉంటుంది. నౌకలో మెత్తని ఇనుము ముక్క ఏదైనా ఉంటే అది బలమైన క్షేత్రంలో తాత్కాలికంగా అయస్కాంతమైపోయి, బలం తగ్గగానే ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది, అదీ గెయిన్ వేషమే వేస్తుంది. ఇలాంటి జంటల్ని ఒక్క ఫ్లైబైతో విడదీయడం కష్టం, ఒక్కోసారి కుదరదు కూడా.

ఈ డేటా దాచిపెట్టినదేమీ కాదు. నాసా ప్లానెటరీ డేటా సిస్టమ్‌లో కసీనీది, గురుగ్రహానికెళ్లిన గెలీలియో నౌకది ఉంది, ఆమదాలవలసలోనో బొబ్బిలిలోనో కూర్చున్న డిగ్రీ కుర్రాడు ల్యాప్‌టాప్ మీద దించుకుని పైథాన్‌లో చూసుకోవచ్చు, ఐజీఆర్ఎఫ్ కోడ్ కూడా ఫ్రీయే. చాలామంది పడే గోతులు మాత్రం పరికరంలో ఉండవు, కోడ్‌లో ఉంటాయి. దారి లెక్కలు నడిచే కాలమానం వేరు, మన గడియారాలు నడిచే యూటీసీ వేరు, రెండింటికీ తేడా 1999లో 64 సెకన్ల చిల్లర, ఇప్పుడు 69. ఆ దిద్దుబాటు మర్చిపోతే కసీనీ 1,200 కిలోమీటర్లు పక్కకి పోద్ది, అది పెద్ద తప్పు కాబట్టి పట్టుబడిపోతుంది. పట్టుబడనివి చిన్నవి, సగటు తీసిన అంకెకి వేసిన టైము ఆ సగటు మొదట్లోదా మధ్యలోదా అన్న లాంటివి. నౌక ఎటు తిరిగి ఉందో చెప్పే క్వాటర్నియన్‌లో నాలుగు అంకెలుంటాయి, వాటిలో స్కేలార్ అంకెని కొందరు ముందు రాస్తారు, కొందరు ఆఖర్న. తిరగేసి చదివితే పరిమాణం చక్కగా కలుస్తుంది, భాగాలు మాత్రం మతిపోయినట్టు తిరుగుతాయి.

ఇంకోటి "కింద" అంటే ఎటు అనే తగువు. భూమి కాస్త నొక్కిన ముద్దలా ఉంటుంది కాబట్టి నేలకి నిలువుగా కిందికి గీసిన గీత భూమి కేంద్రానికి పోదు. శ్రీకాకుళం అక్షాంశం దగ్గర ఆ రెండు "కింద"లకీ తేడా డిగ్రీలో పదో వంతు కన్నా ఒక పిసరు ఎక్కువ. ఇంతేనా అనిపిస్తుంది, కానీ 40 వేల నానోటెస్లాల మీద అది 80. నెలరోజులు కూర్చుని సెన్సర్‌ని తిట్టుకున్నాక, ఐజీఆర్ఎఫ్‌ని జియోడెటిక్‌లో (నేలకి నిలువు లెక్క) అడిగి జవాబుని జియోసెంట్రిక్ (భూమి కేంద్రం లెక్క) అనుకున్నట్టు తేలితే ఆ మొహం చూడాలి. సైన్స్‌లో సగం పంచాయితీలు ఇలాంటి గట్టు తగాదాలే.

దిక్కుల విషయంలో అరసవల్లి గుర్తొస్తుంది. మార్చిలో, అక్టోబర్లో ఆ కొద్ది రోజులు పొద్దున్నే ఎండ తిన్నగా లోపలికొచ్చి మూలవిరాట్టు పాదాలని తాకుతుంది, కట్టినోళ్లు ద్వారాల వరసని సూర్యుడితోనే సరిచూసుకున్నారు అనుకోవాలి, జానెడు అటూ ఇటూ అయినా కుదిరేది కాదు. జూనో అనే నౌకలో చేసింది కూడా ఆ వరసే, ఒక సౌర పలక చివర 4 మీటర్ల బూమ్ మీద సెన్సర్‌తో పాటు నక్షత్రాల్ని చూసే కెమెరాల్ని కూడా ఒకే పీట మీద బిగించారు. పలక వంగినా, వేడికి బూమ్ మెలితిరిగినా సెన్సర్‌తో పాటు కెమెరా కూడా తిరుగుద్ది కాబట్టి ఆ క్షణానికి సెన్సర్ ఎటు చూస్తుందో నక్షత్రాలే చెప్తాయి. అది కూడా 2013 అక్టోబర్ 9న 559 కిలోమీటర్ల ఎత్తులో భూమి పక్కనుంచి వెళ్లే గురుగ్రహానికి పోయింది.

ఇక్కడిదాకా వచ్చాక ఒక ప్రలోభం వస్తుంది. మాగ్నెటోమీటర్‌కి మామూలుగా పన్నెండు అంకెలు సరిచేస్తారు, ఆఫ్‌సెట్‌లు మూడు, గెయిన్‌లు మూడు, అక్షాల మధ్య కోణాలు మూడు, మొత్తంగా ఎటు తిరిగి ఉంది అనేదానికి మూడు. పన్నెండింటినీ ఒకేసారి కంప్యూటర్‌కి వదిలేసి మిగులు సున్నా చేసిపెట్టు అంటే చాలావరకు చేసిపెడుతుంది. మిగులు మరీ శుభ్రంగా ఉంటే భయపడాలి. ఎందుకంటే ఐజీఆర్ఎఫ్‌లో ఉండేది భూమి లోపలి క్షేత్రం మాత్రమే, భూమి చుట్టూ తిరిగే రింగ్ కరెంట్, ధ్రువాల వైపు దిగే కరెంట్లు, సూర్యుడి వైపు గోడ మీద పారే కరెంట్లు అందులో లేవు. ప్రశాంతంగా ఉన్న రోజు కూడా అవి పదుల నానోటెస్లాలు, 2024 మే 10, 11 తేదీల్లో లద్దాఖ్‌లో కూడా ఆకాశం ఎర్రబడిన ఆ తుఫానులో భూమధ్యరేఖ వైపు క్షేత్రం దాదాపు 400 నానోటెస్లాలు పడిపోయింది. ఇలాంటి నిజం కరెంట్ల గుర్తుని పన్నెండు అంకెల్లో కొంచెం కొంచెంగా నొక్కేస్తే ఇవాళ గ్రాఫ్ ముద్దుగా ఉంటుంది, నాలుగేళ్ల తర్వాత ఇంకో గ్రహం దగ్గర లేని గెయిన్ తప్పుని దిద్దుతూ కూర్చుంటాం. కసీనీ భూమిని దాటి దాని అయస్కాంత గూటి తోక వైపు వెళ్లాక రెండు సబ్‌స్టార్మ్‌లు (ఆ గూట్లో రేగే చిన్న తుఫానులు) పూర్తిగా పట్టుకుంది, వాటినీ క్యాలిబ్రేషన్ చాప కిందకి తోసేసి ఉంటే ఆ పేపరే ఉండేది కాదు.

కాస్త నిజాయితీ గల దారి ఒకటుంది, వచ్చేదారి డేటాతో అంకెలు కట్టి, పోయేదారి డేటాని ముట్టుకోకుండా దాని మీద పరీక్షించడం. వచ్చేదారిలో కుదిరిన గెయిన్ పోయేదారిలో కుదరకపోతే అది గెయిన్ కాదు. దీనికన్నా గట్టిది, ముందే జోస్యం చెప్పి తర్వాత వెళ్లడం. 1974 మార్చి 29న మారినర్ 10 నౌక బుధుడి పక్కన 98 నానోటెస్లాలు చూసినప్పుడు అంత చిన్న గ్రహానికి సొంత క్షేత్రమా అని నమ్మనోళ్లే ఎక్కువ, సౌర పవనం గుద్దుకోవడం వల్ల పుట్టిందేమో అన్నారు. గ్రహానిదే అయితే ధ్రువం వైపు ఇంకా దగ్గరికెళ్తే ఎంతో పెరగాలి. 1975 మార్చి 16న మూడోసారి 327 కిలోమీటర్ల ఎత్తులో ఉత్తరం వైపుగా వెళ్తే 400 వచ్చింది, తగువు చాలావరకు సద్దుమణిగింది. గురుగ్రహం చందమామల్లో ఒకటైన యూరోపా దగ్గర గెలీలియో ఇంకా తెలివైన ఆట ఆడింది. మంచు కింద ఉప్పు సముద్రం ఉంటే గురుగ్రహం క్షేత్రం ఊగినప్పుడల్లా అందులో కరెంట్లు పుట్టి యూరోపా చుట్టూ క్షేత్రం దిక్కు తిరగబడాలి, సొంత అయస్కాంతం అయితే తిరగబడకూడదు. 2000 జనవరి 3న గురుగ్రహం క్షేత్రం ఎదురు వైపు ఉన్న సమయం చూసుకుని వెళ్లారు, తిరగబడింది. ఏ ఆఫ్‌సెట్ తప్పూ అలా గురుగ్రహం టైం టేబుల్ చూసుకుని దిక్కు మార్చుకోదు.

కసీనీ దగ్గర మిగిలిన కథ శనిగ్రహానిది. 2005 ఫిబ్రవరి 17న ఎన్సెలాడస్ అనే చిన్న చందమామ పక్కన 1,264 కిలోమీటర్ల దూరంలో వెళ్తే, 300 పైచిలుకు నానోటెస్లాల శని క్షేత్రంలో చిన్న వంపు కనిపించింది, గీతలు ఎదురుగా ఏదో అడ్డం ఉన్నట్టు దాని చుట్టూ వంగాయి. 500 కిలోమీటర్ల అడ్డకొలత ఉన్న మంచు ముద్దకి అడ్డం పడేంత ఒళ్లు ఎక్కడిది. హీటర్ మెట్టు కాదు, గెయిన్ అయితే అక్కడొక్క చోటే ఎందుకు ఉంటుంది, టైము పాము కూడా కాదు, మార్చి 9న ఇంకా దగ్గరగా వెళ్తే మళ్లీ కనిపించింది. మిషెల్ డోఘర్టీ నడిపిన మాగ్నెటోమీటర్ టీమ్ వెళ్లి తర్వాతి ఫ్లైబైని ముందు అనుకున్న దానికన్నా బాగా కిందికి దించమని అడిగింది. జులై 14న 173 కిలోమీటర్లకి దించారు, మిగతా పరికరాలు కూడా చూశాయి, దక్షిణ ధ్రువం దగ్గర వెచ్చటి చీలికల్లోంచి నీటి ఆవిరి ఎగజిమ్ముతోంది.